తల్లి గది

"నీ పేరు తల్లి గది తలుపు మీద రాయిస్తాండారంట గదా," అన్నాడు మా ఆయన, నేను గంజి వారుస్తుంటే.

వేడి గంజి చేతిమీద పడకుండా గిన్నె వంచి, మూత జారకుండా గుడ్డతో అదిమి పట్టుకుని, "ఎవరన్నారు?" అని అడిగాను. "గంగాధరం సారే. నిన్న అంగడికొచ్చినప్పుడు చెప్పినాడు. ఆ గదికి ఇన్‌ఛార్జ్ నువ్వేనంట. నీకు చెప్పలా?" చెప్పలేదు. రొయ్యల హేచరీలో పనిచేసేది నేను. గంగాధరం మాకు మేనేజరు. మా ఆయన చిన్నబాబుకు ఇందుకూరుపేటలో రొయ్యల మేత అంగడి ఉంది, మేనేజరు అటు పోతూ వస్తూ అక్కడ టీ తాగుతాడు. అలా నాకు హోదా వచ్చిన సంగతి ముందు మా ఆయనకు తెలిసి, ఆయనకు గుర్తొచ్చినప్పుడు నాకు తెలిసింది. "సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు తనిఖీకి వస్తాండారు గదా. టెక్నికల్ పనుల్లో ఆడవాళ్ళు ఎంతమందని అడగతారంట. అందుకని," అని వివరం కూడా ఆయనే ఇచ్చాడు. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక గంజంతా పారబోశాను. మా అత్త గంజి తాగుతుందన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

"పేరు రాస్తే రాసినార్లే," అని వసారాలోంచి అందుకుంది మా అత్త కామాక్షమ్మ. "పొద్దస్తమానం ఆ గొట్టంలో కన్ను పెట్టుకోనుండేదానికి కడుపెట్టా నిలస్తది? ముందు ఆ సంగతి జూడండి." మైక్రోస్కోపును ఆమె గొట్టం అంటుంది. పోయిన సంవత్సరం నాకు కడుపు నిలిచి, పోయింది. ఆ తర్వాత నన్ను భయం పట్టుకుంది. మళ్ళీ ఆ నెత్తురు చూడటానికి నాకు ధైర్యం లేదు, ఇంకొన్నాళ్ళు కావాలి. కానీ "ఇప్పుడు వద్దు" అన్న రెండు మాటలు ఆ ఇంట్లో ఎవరితోనూ అనలేకపోయాను. డాక్టరమ్మ ఇంకో ఆరు నెలలు ఆగమన్నదని ఒకసారి అబద్ధం చెప్పాను, అంతే. ఆ ఆరు నెలలూ ఎప్పుడో అయిపోయాయి.

మా హేచరీ మైపాడు దాటాక, సరుగుడు తోపుల వెనక, సముద్రానికి ఆనుకుని ఉంటుంది. గుడ్డు నుంచి పిల్లను తీసి చెరువుల వాళ్ళకు అమ్మడం మా పని. ఆ గుడ్లు పెట్టే తల్లి రొయ్యలుండేది తల్లి గదిలో. రొయ్యలు చీకట్లో గుడ్లు పెడతాయి, మనుషులు పగలు పనిచేస్తారు. అందుకని ఆ గదిలో పగటిని రాత్రి చేసి పెట్టారు. కిటికీలకు నల్ల పట్టాలు, తలుపుకు లోపల నల్ల తెర. బయట ఎండ నెత్తి మాడుస్తుంటే లోపల అర్ధరాత్రి. ఆ గదిలోకి ఆడవాళ్ళు పోకూడదు. ఇది ఎక్కడా రాసిలేదు, ఎవరూ పెట్టిన నిబంధన కాదు, కానీ అందరికీ తెలుసు. ఆడదాని మైల సోకితే తల్లులు గుడ్లను కడుపులోనే కరిగించుకుంటాయట. లోపల ఉన్నవి సగానికి పైగా ఆడవే, వాటి మైల మాత్రం వాటికి సోకదు కాబోలు. మా నాన్న జువ్వలదిన్నెలో పడవ మీద వేటకు పోయేవాడు. నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించాడు గాని ఏనాడూ పడవ మీద కాలు పెట్టనివ్వలేదు. అందుకే చేరిన కొత్తలో ఈ కట్టుబాటు నాకు వింతగా కూడా తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నా ల్యాబుకూ తల్లి గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. నేను గోడమీద తడతాను. కిటికీ తెరుచుకుంటుంది. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి బీకరులో నీళ్ళో, గుడ్లో అందించి మళ్ళీ చీకట్లోకి పోతుంది. ఆ గుడ్లలో ఏవి బతుకుతాయో, ఏ తల్లికి జబ్బుందో, ఏ ట్యాంకు నీళ్ళు మార్చాలో అన్నీ చెప్పేది నేను. ఇన్నేళ్ళలో నేను ఒక్క తల్లి రొయ్యనైనా ప్రాణంతో ఈదుతుండగా చూడలేదు. ఆ గది అంటే నాకు తెలిసిందల్లా ఆ చెయ్యే.

నేను వేసుకునే తెల్లకోటు కూడా నాది కాదు. చేరిన రోజున ల్యాబులో మేకుకు వేలాడుతూ కనబడింది. జేబు మీద ఎర్రదారంతో 'ఆనందకుమారి' అని కుట్టి ఉంది. కొత్తది కుట్టిస్తాం, అందాకా వేసుకోమన్నారు. అందాకా అంటే ఇప్పటిదాకా అని తేలింది. పనివాళ్ళు నన్ను కుమారి మేడం అని పిలవడం మొదలుపెట్టారు. మొదట్లో "నా పేరు వనజాక్షి" అని సరిదిద్దేదాన్ని. తర్వాత పలకడం అలవాటైంది. ఆనందకుమారి సంగతి ఎత్తితే మాత్రం అందరూ గొంతు తగ్గిస్తారు. ఆమె ఒకరోజు తల్లి గదిలోకి పోయిందట. ఆ తర్వాత తల్లులన్నీ తెల్లబడి తేలిపోయాయట. ఆ పైన ఆమెను చూసినవాళ్ళు లేరు. ఆ గదిలో పనిచేసే హజరత్తయ్య చెప్పేది ఇంకొంచెం ఎక్కువ. ఒంటరిగా ఉన్నప్పుడు లోపల ఎవరో గట్టిగా ఊపిరి తీసుకుంటారట. "నీళ్ళలోకి గాలి కొట్టే మిషను చప్పుడు అది," అన్నాను నేను. "మిషను చప్పుడు నాకు తెలవదా మేడం," అన్నాడు ఆయన, కిటికీ అవతలినుంచి. 

ఇంట్లో ఆ మాట విన్న పొద్దున నేను నేరుగా తలుపు దగ్గరికే పోయాను. పెయింటు ఇంకా తడిగా ఉంది. 'సెక్షన్ ఇన్‌ఛార్జ్: కె. ఆనందకుమారి, ఎం.ఎస్సీ.' అని పెద్ద అక్షరాలతో ఉంది. పెయింటరు పాపం పనివాళ్ళను మేడం పేరేందని అడిగాడు, వాళ్ళు తమకు తెలిసిన మేడం పేరు చెప్పారు. నేను ఆ పేరు ముందు ఆ పేరున్న కోటు వేసుకుని నిలబడ్డాను. ఒక్క క్షణం నేను ఎవరినో నాకే అనుమానం వచ్చింది.

గంగాధరం మాత్రం నవ్వాడు. "పోన్లేమ్మా, ఇదీ మంచికే. కింద నీ పేరు కూడా రాయిద్దాం. ఇద్దరు లేడీ సైంటిస్టులుండారని చూపిద్దాం."

"ఆమె లేదు గదా సార్."

"నువ్వుండావు గదా," అన్నాడు, అదే జవాబన్నట్టు.

ట్యాంకులు కడిగే సామ్రాజ్యం ఈ హేచరీ కట్టినప్పటినుంచీ ఉంది. మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని అన్నం తింటూ అడిగాను, ఆనందకుమారికి ఏమైందని.

"ఏమయిద్ది మేడం, పెళ్ళయింది. మానిపించినారు."

"అంతేనా? మరి చచ్చిపోయినట్టు చెప్తారేం అందరూ?"

"మళ్ళీ కనబళ్ళా గదా," అంది సామ్రాజ్యం, ముద్ద కలుపుకుంటూ. "అత్తగారిల్లు కావలి పక్కనే. ఒకసారి బస్సులో జూసినా. నన్ను గుర్తుపట్టినట్టే ఉంది గానీ పలకలా. పాపం, ఆ పిల్ల లోపలికి పోయిందే కరెంటు పోయి రొయ్యలు తేలతాండాయని. మగోళ్ళెవరూ లేకపోతే తనే పరిగెత్తింది. నింద మాత్రం ఆమె మిందేసినారు."

నాకు దయ్యం కథే నయమనిపించింది. దయ్యమైతే కనీసం ఎవరో చంపారని ఒప్పుకున్నట్టుంటుంది.

ఆ శనివారం సాయంత్రం కోటు ఉతికి ఇంటి పక్క సందులో దండెం మీద ఆరేశాను. మసక చీకటి పడుతోంది. నేను వంటింట్లో చేపలు తోముతున్నాను. మా అత్తకు చూపు కొంచెం మందం. సందులోకి పోయి ఆమె మాట్లాడటం వినిపించింది. "ఏం మే, ఈడ నిలబడుకోనుండావు? లోపలికి రా." ఎవరితోనో అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే కోటుతో మాట్లాడుతోంది. గాలికి దాని చేతులు కొంచెం కొంచెం కదులుతున్నాయి. పిలవబోయి ఆగాను. ఆమె కోపంగా మాట్లాడటం లేదు, బుజ్జగిస్తోంది. నాతో ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడలేదు. "దిగులు పడబాక. ఆ తనిఖీ అయిపోనీ. ఆ రోజుతో నిన్ను మానిపించమని మా అబ్బయ్య మీ సారుతో మాట్లాడినాడు. ఆయన సరేనన్నాడంట. నెల్లూరులో డాక్టరమ్మకాడ ఆ సాయంత్రానికే టోకెను కూడా తీసినాడు. ఇంట్లో ఉంటే అన్నీ అయ్యే నిలస్తాయి. ఏం, సరేనా?" కోటు గాలికి ముందుకు వంగి లేచింది. మా అత్త సంతోషంగా తలూపి లోపలికి వచ్చింది. వంటింట్లో నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. సందులోంచి నేనే వచ్చి కూర్చున్నాననుకుంది. నేను పలకకపోయినా నాతో మాట్లాడటానికి ఆమెకు ఏ ఇబ్బందీ లేదని ఆ సాయంత్రం తెలిసింది. చేప పొలుసులు అంటిన చేతులు చాలాసేపు అట్లాగే ఉంచుకున్నాను.

రాత్రి అన్నం పెడుతూ మా ఆయన్ని అడిగాను. దాచలేదు, పాపం. "నీ మంచికే గదా వనజా. ఉత్త ల్యాబు పిల్లగా మానేసేదానికన్నా ఇన్‌ఛార్జ్‌గా మానేస్తే గౌరవం. అందుకే నేనే సారుకు చెప్పినా, నీ పేరు పెట్టమని." ఆయన ముఖంలో నిజంగానే ప్రేమ ఉంది. నాకు అదే ఎక్కువ భయమేసింది. ఇద్దరు మగవాళ్ళు టీ తాగుతూ నన్ను పైకెక్కించి, అక్కడినుంచే దించేశారు. నేను ఎక్కిందీ లేదు, దిగిందీ లేదు. "ఇప్పుడు వద్దు" అనబోయాను. "పులుసు ఇంకొంచెం వెయ్యనా?" అన్నాను.

తర్వాతి రోజుల్లో గంగాధరం నాకు జవాబులు నేర్పాడు. కోత గురించి అడిగితే "ఉత్పత్తి కోసం" అనాలి, అంతకుమించి ఒక్క ముక్క చెప్పకూడదు. కోత అంటే, ఆడ రొయ్యకు ఒక కన్ను తీసెయ్యడం. పట్టకారును ఎర్రగా కాల్చి కంటి కాడను నొక్కుతారు. మగవాటికి చెయ్యరు, ఆడవాటికే. అప్పుడది వారం తిరక్కుండా గుడ్లు పెడుతుంది. చాలా హేచరీల్లో చేసేదే. కోత రోజున మా వరండా అంతా కాలిన వాసన వస్తుంది. పాఠం నాకు కంఠతా వచ్చు, తీసేసిన కంటి కాడలు కిటికీలోంచి వస్తే వాటిని గాజుపలక మీద పెట్టి చూసినదాన్నే. కొయ్యకుండానే, మంచి మేత వేసి ఓపిక పడితే గుడ్లు పెడతాయనీ, ఆ పిల్లలు గట్టిగా బతుకుతాయనీ, ఒక్క ట్యాంకు ఇచ్చి చూడమనీ మూడేళ్ళుగా అడుగుతున్నాను. "అది ఇన్‌ఛార్జ్ నిర్ణయించాల్సిందమ్మా" అనేవాడు గంగాధరం. అప్పట్లో ఇన్‌ఛార్జ్ కూడా ఆయనే.

తనిఖీకి ఇద్దరు వచ్చారు. ఒకాయన కంప్యూటరు ముందు కూర్చుండిపోయాడు. చెన్నై నుంచి వచ్చిన ఆడమనిషి మాత్రం అన్నీ నడిచి చూస్తానంది. ఆమె తెలుగులో అరవం కలిసి ఉంది. గంగాధరం తల్లి గది తాళంచెవి అందరి ఎదుటా నా చేతిలో పెట్టి, "మా ఇన్‌ఛార్జ్ మేడం చూపిస్తారు," అన్నాడు. ఆ తలుపు ముందుకు తొయ్యాలో వెనక్కి లాగాలో నాకు తెలియదు. తాళం తీసి తోశాను. కదల్లేదు. ఆవిడ నా వైపు చూసింది. హజరత్తయ్య నా భుజం మీదుగా చెయ్యి చాపి లాగాడు.

"రెండు పేర్లు ఉండుదే. ఆనందకుమారి ఎవరు?" అని ఆవిడ తలుపు చూసి అడిగింది.

"సెలవులో ఉంది మేడం," అన్నాడు గంగాధరం.

తెర తొలగించుకుని లోపలికి అడుగుపెట్టాను. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. వెచ్చటి ఉప్పు వాసన, నీళ్ళ కదలిక, మిషను గురగుర. ఆ గురగుర మధ్య ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు.  హజరత్తయ్య "అదిగో" అని గొణిగాడు. ఊపిరి మళ్ళీ వినబడింది. అది నాదే. ఇన్నేళ్ళుగా గోడకు అవతల బిగబట్టిందంతా ఇక్కడికొచ్చి వదిలినట్టున్నాను.

హజరత్తయ్య టార్చి వేశాడు. నల్లటి నీళ్ళ అడుగున నిప్పురవ్వలు వెలిగాయి. రొయ్య కన్ను వెలుగు పడితే మెరుస్తుందని చదివాను, చూడటం అదే మొదటిసారి. కొన్ని రవ్వలు జంటలుగా ఉన్నాయి. ఎక్కువ భాగం ఒంటరివి. ఒక్కొక్కటే కదులుతూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ.

"రెండు మెరిస్తే మగది మేడం. ఒకటే మెరిస్తే ఆడది," అని హజరత్తయ్య వచ్చినావిడకు గర్వంగా వివరించాడు. "చీకట్లో గూడా మాకు ఇట్టే తెలస్తది."

 ఆవిడ నా వైపు తిరిగి అడిగింది. "ఏన్ మా, ఆడదానికి మట్టుం కన్ను ఎందుకు తీస్తారు?"

గంగాధరం దగ్గాడు. 'ఉత్పత్తి కోసం' అన్న మాట నా నాలుక మీదే ఉంది. నా ముందు ఆ ఒంటి రవ్వలు తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి ట్యాంకు అంచు దగ్గరికి వచ్చి నిలిచింది. నాకు ఏడుపొచ్చింది, చీకటి కాబట్టి ఎవరికీ కనబడలేదు.

"ఎప్పుడు కనాలో ఆడ రొయ్యకు తెలుసు మేడం," అన్నాను. "నీళ్ళు బాగున్నాయా, మేత ఉందా, ఒంట్లో సత్తువ ఉందా, అన్నీ చూసుకుంటుంది. బాగాలేకపోతే 'ఇప్పుడు వద్దు' అంటుంది. ఆ మాట చెప్పే గ్రంథి దాని కంటి కాడలో ఉంటుంది. కన్ను తీసేస్తే ఇంక వద్దనలేదు. కంటూనే ఉంటుంది, కొన్నాళ్ళకు అయిపోతుంది."

ఆవిడ నీళ్ళ మీదికి వంగి చూసింది.

"తియ్యకుండా పెంచలేరా?"

"పెంచొచ్చు. ఒక ట్యాంకు విడిగా పెట్టి చూడాలి."

"దానికి ఎవరు సరే అనాలి?"

"ఇన్‌ఛార్జ్."

"ఇన్‌ఛార్జ్ ఎవరు?"

గంగాధరం నోరు తెరిచాడు. నేను ముందే అన్నాను. "నేనే మేడం. నా పేరు వనజాక్షి. ఆనందకుమారి సెలవులో లేదు. పెళ్ళయితే మానిపించారు. ఈ రోజు కొత్త తల్లులు వచ్చాయి. ఆ ట్యాంకులో కోత ఉండదు."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆవిడ చీకట్లోనే నవ్వినట్టుంది. "సరి. ఆ ట్యాంకు చూసేదానికి మళ్ళీ వస్తాను. అది చూసినాకే సర్టిఫికెట్టు మాట. అప్పుడు ఈమెతోనే మాట్లాడాలి సార్, వేరే ఎవరితోనూ కాదు," అంది గంగాధరంతో.

వాళ్ళ కారు సరుగుడు తోపు మలుపు తిరగ్గానే గంగాధరం చెయ్యి చాచాడు. "తాళంచెవి ఇచ్చి పోమ్మా. చిన్నబాబు గేటుకాడ ఉండాడు." ముఖం ఎర్రగా ఉంది గాని అరవలేదు. అరిచి నన్ను పంపించేస్తే ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు ఎవరిని చూపించాలి? ఆ లెక్క ఆయన కళ్ళలో నడవడం నాకు కనబడుతూనే ఉంది. "ఇన్‌ఛార్జ్ దగ్గర ఉండాల్సింది గదా సార్," అని తాళంచెవిని కొంగున ముడేసుకున్నాను. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, జేబులోకి పోయింది.

గేటు దగ్గర మా ఆయన బండి మీద కూర్చుని ఉన్నాడు. "రా, టోకెను టైమవతాంది," అన్నాడు. నేను ఎక్కలేదు.

"నేను రావడం లేదు. ఉద్యోగం మానడం లేదు. పిల్లలు ఇప్పుడు వద్దు," అన్నాను. ఇంత తేలికైన మాటలకు ఇంత కాలం పట్టిందే అని నా మీద నాకే జాలేసింది.

"ఇప్పుడు వద్దంటే? ఎప్పుడు మరి?"

"నేను చెప్తాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు. "అమ్మకేం జెప్పను?" అన్నాడు చివరికి. ఆ ప్రశ్నకు జవాబు ఆయనే వెతుక్కోవాలి. సముద్రపు గాలికి దుమ్ము లేచి బండినీ ఆయన్నీ కప్పింది. నేను వెనక్కి తిరిగాను. నేరుగా తల్లి గదికి నడిచాను.

తల్లి గదిలో హజరత్తయ్య కొత్త ట్యాంకు పక్కన పట్టకారు కాల్చడానికి స్టవ్వు వెలిగించుకుని, కాల్చాలో ఆర్పాలో తెలియక కూర్చుని ఉన్నాడు. నేను వంగి స్టవ్వు ఆర్పాను. ఆయన లేచి నీళ్ళ మీద టార్చి వేశాడు. కొయ్యని రొయ్యలు. అడుగంతా జంటలు జంటలుగా కళ్ళు వెలిగి మా వైపు తిరిగాయి. ఒంటిది ఒక్కటీ లేదు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మేడం, ఇట్టా వదిలేస్తే చీకట్లో ఏది ఆడదో ఏది మగదో మాకెట్టా తెలస్తది?" అన్నాడు. ఆ గొంతులో భయం నిజమైనదే.

"తెలియకపోతే ఏమవుతుంది, హజరత్తయ్యా?" అన్నాను.